ఫట్‌ఫటి ప్రార్థన

యోహాను పాత గోనె మీద కూర్చుని, ఫట్‌ఫటి మోటారుసైకిలు ప్లగ్గుకు పట్టిన మసిని బ్లేడు ముక్కతో గీకుతున్నాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళే పనిచేస్తాయి. మిగతావి ఎప్పుడో గొలుసులో పడి నలిగి, అలాగే ముడుచుకుపోయాయి. అరవై దాటిన మనిషి. గోళ్ళ సందుల్లో నూనె, చెవుల వెనక నూనె, ఆదివారం తొడిగే తెల్ల అంగీకి కూడా నూనె.

అయిజ బాట పక్కన మిషను వాళ్ళు వదిలేసిన కొట్టమే అతని ఇల్లూ, దుకాణమూ, గుడీ. తెల్లదొర ఉన్నన్నాళ్ళూ ఆయన ఫట్‌ఫటిని ఇసకలో నెట్టడమే యోహాను ఉద్యోగం. దొర పోయాక బండిని అమ్మేశారు. నెట్టేవాణ్ణి ఎవరు కొంటారు? భార్య హన్మమ్మ కలరా గత్తరలో పోయింది. బండి బాగుచేయడం, ప్రార్థన చేయడం, ఈ రెండే అతనికి మిగిలాయి. రెండింటినీ కలిపేశాడు.

యుద్ధం రోజులు. ఆ చుట్టుపక్కల ఫట్‌ఫటీలు ఉన్నవే మూడు. సారా గుత్తేదారుది ఒకటి, లెవీ ధాన్యం గుంజేవాళ్ళది ఒకటి, ఊరి దొరది ఒకటి. ఎక్కేవాళ్ళంతా కొట్టి బతికేవాళ్ళే. వాళ్ళకు వాక్యం చెప్పడమేమిటని పాస్టరుగారు చాలాసార్లు మందలించాడు.

"వాడలల్ల దెబ్బలు తినెటోల్లున్నరు. కొట్టెటోల్లు నా కాడికే వస్తరయ్యా" అనేవాడు యోహాను.

వాక్యం విన్నారో లేదో గాని, ప్రార్థన మాత్రం వాళ్ళు వదల్లేదు. ఒకసారి గుత్తేదారు మనిషి ప్రార్థన వద్దని నవ్వేసి వెళ్ళి, మోరీలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి యోహాను ట్యాంకు మీద చెయ్యి వేసి ప్రార్థించకుండా ఎవడూ కిక్కు కొట్టలేదు. అతనికి మనసులో ప్రార్థించడం రాదు. నోరు తెరవనిదే దేవుడికి ఎలా వినబడుతుందని అనుకునేవాడు. తిన్నదీ, తిట్టిందీ, అన్నీ పైకే చెప్పేవాడు.

ఈ పొద్దు వచ్చింది దొర బండి. నడిపే బుచ్చన్న దిట్టమైన మనిషి, మెడ మీద కాయ కాచిన మచ్చ. రెండేళ్ళుగా వస్తున్నాడు. పోయిన క్రిస్మసుకు ప్రార్థనలో వెక్కి వెక్కి ఏడ్చాడు. మర్నాడే వెళ్ళి ఒక కూలీని బండికి కట్టి ఈడ్చాడు. వాడంటే యోహానుకు కోపమూ ఉంది, ప్రేమా ఉంది. ప్రేమే ఎక్కువ, అదే అతని తిప్పలు.

"జల్ది కానియ్యి తాతా. దొర కాడి జీతగాడు బాలయ్య, తన పెండ్లాన్ని తీస్కొని పారిపోయిండు. రాజోలి దిక్కు పోయిండంట. నది దాటితె ఇంగ్రేజోల్ల రాజ్జెం, ఇగ దొరకడు."

"దొరికితె ఏంజేస్తవు?"

"కాల్లిరగ్గొట్టమన్నడు దొర. ఇరగ్గొడ్త."

"ఆని పెండ్లాం రూతమ్మ కడుపుతోని ఉంది బిడ్డా."

"నాకు తెల్వదా? నన్నేం జెయ్యమంటవు?"

యోహాను చేతిలో బ్లేడు ఆగింది. తెల్లవారుజామున ఆ ఇద్దరికీ జొన్నరొట్టెలు కట్టిచ్చి అడ్డదారి చూపింది తనే. రూతమ్మకు ఏడో నెల, గబగబా నడవలేదు. బండి కదిలితే మధ్యలోనే చిక్కుతారు. కదలకపోతే చీకటి పడేలోగా నది దాటేస్తారు.

బుచ్చన్న నీళ్ళు ముంచుకోవడానికి కొట్టంలోకి వెళ్ళాడు. యోహాను లేచి ప్లగ్గును పక్కనున్న దిగుడుబావిలోకి విసిరేసి, వచ్చి వైరును ఖాళీ బొక్క మీద ఆనించి పెట్టాడు. ఇక ఊరుకుంటే చాలు. ఎన్ని కిక్కులు కొట్టినా బండి పలకదు, పాతదని బుచ్చన్నే దాన్ని తిట్టుకునేవాడు.

"ప్రార్థన చెయ్యి తాతా" అని బుచ్చన్న వచ్చి తల వంచాడు.

యోహాను ట్యాంకు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. మనుషులతో అబద్ధమాడడం అతనికి వచ్చు. దేవుడితో ఎలా ఆడాలో తెలియదు.

"తండ్రీ, ప్లగ్గు నేనే బాయిల ఏసిన. తప్పయితె మన్నించు. ఆల్లిద్దరిని నది దాటియ్యి. ఈ పిలగాని చేతులకు పాపం అంటనియ్యకు. ఆమెన్."

"ఆమెన్" అన్నాడు బుచ్చన్న, అలవాటు కొద్దీ. అన్నాకే అర్థమైంది.

గోడకు వేలాడుతున్న పాత గొలుసు బుచ్చన్న చేతికి దొరికింది. మొదటి దెబ్బకు యోహాను చెవి చీలింది. రెండో దెబ్బకు మోకాళ్ళ మీద పడ్డాడు. పళ్ళు గోనె మీద రాలాయి. "ఎందుకు చెప్పినవు? ఊకుంటె ఏం బోయింది? ఎందుకు చెప్పినవు?" అని ఏడుస్తూ, అరుస్తూ బుచ్చన్న వీపు మీదా, పక్కటెముకల మీదా, తల మీదా కొట్టాడు. నీళ్ళకు వచ్చిన వాడ మనిషి పార్వతమ్మ కడవ వదిలేసి కేకపెట్టింది. అప్పుడు ఆగాడు. బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో కుక్కి గట్టున పడేసి, ప్లగ్గు కోసం బావిలోకి దిగాడు.

రొమ్ముల్లోతు నీళ్ళలో మునిగి, బురద తడిమి, మళ్ళీ మునిగాడు. అది దొరకలేదు. మోచేతుల దాకా నల్లటి బురదతో పైకి వచ్చేసరికి యోహాను తల పార్వతమ్మ ఒళ్ళో ఉంది. ఆమె కొంగుతో ఈగలు తోలుతోంది. ప్రాణం అంతకు కాస్త ముందే పోయింది.

"నన్నేమన్న తిట్టిండా?"

"లే. బాయి మెట్లు పాకురు పట్టినయి, పైలంగ ఎక్కి రమ్మని చెప్పమన్నడు."

బుచ్చన్న దొర ఊరి వైపు కాకుండా, పల్లేరు కాయల చేల మీదుగా వట్టి కాళ్ళతో వెళ్ళిపోయాడు. ఆ రోజు పొద్దుగూకే వేళ ఒక మనిషి కడుపుతో ఉన్న భార్యను వీపున మోసుకుని తుంగభద్ర దాటడం రాజోలి గొర్రెలవాళ్ళు చూశారు.

మర్నాడు యోహానును పూడ్చిపెట్టారు. దొర మనుషులు వచ్చి ఫట్‌ఫటిని ఎడ్లబండి మీదికి ఎక్కించుకుపోయారు. బావి గట్టున బుచ్చన్న బూట్లు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, ఒకటి నిలబడి, ఒకటి పక్కకు ఒరిగి, లోపల మేజోళ్ళు కుక్కినవి కుక్కినట్టే ఉన్నాయి.