నాన్న మెచ్చే ముక్క

మూడో కొట్టు కూడా మూసే ఉంది. దించిన షట్టర్ మీద "సోమవారం సెలవు" అని ముచ్చటైన అక్షరాలతో రాసిన కాగితం అంటించి ఉంది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, ఆ రెండు మాటల్నీ పెద్ద ఉత్తరం చదివినట్టు తీరిగ్గా చదివాడు.

"ఏమే ఓదీల్, మన కొట్టుకి సెలవు ఏ రోజు?" అన్నాడు.

జవాబు కూడా తనే చెప్పాడు.

"సోమవారం. ఎందుకు సోమవారం? ఆదివారం భోజనాలకి ఊరు ఊరంతా మన దగ్గర కేకు పెట్టెలు కట్టించుకుపోతుంది కాబట్టి. సోమవారానికి మన నడుములు పడిపోతాయి కాబట్టి. మరి ఈ లియోన్ నగరంలో వాళ్ళకి నడుములుండవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నలభై తొమ్మిదేళ్ళదాన్ని, పుట్టినప్పటినుంచీ పేస్ట్రీ కొట్టు పైన మేడ మీదే బతుకుతున్నదాన్ని, ఈ మాత్రం తట్టలేదు నాకు. మాకు ఖాళీ దొరికేది సోమవారం ఒక్కటే. అది మా వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ సోమవారమే అని ఆలోచించొద్దూ! ఇంకొకరి కొట్లో కేకు కొనుక్కున్న పాపాన పోతే కదా తెలిసేది.

అసలు ఈ ప్రయాణమంతా ఒక్క మాట కోసం. ఐదేళ్ళ కిందట, మోకాళ్ళు సహకరించడం లేదని చెప్పి నాన్న అంబేరియూ అనే చిన్న ఊళ్ళోని మా కొట్టు నా చేతికిచ్చాడు. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే కిందికి దిగొస్తాడు. నేను చేసినదాంట్లోంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంటాడు. కాసేపు నములుతాడు. "ఏదో తక్కువైంది" అంటాడు, పైకి వెళ్ళిపోతాడు. ఏం తక్కువైంది నాన్నా అంటే, "అది నువ్వే తెలుసుకోవాలి" అంటాడు. ఆ ఏదో కోసం నేను వెన్న మార్చాను, పిండి మార్చాను, వెనిల్లా రెట్టింపు వేశాను. ట్రేలకి ట్రేలు చెత్తబుట్ట పాలు చేశాను. ఊళ్ళోవాళ్ళు ఎగబడి కొంటున్నారు, పెళ్ళిళ్ళకి ఆర్డర్లిస్తున్నారు, నాకు మాత్రం తిన్నది ఒంటబట్టడం లేదు. పోయిన వారం ఇక ఓపిక చచ్చిపోయింది. "పద, లియోన్ పోదాం. ఊరంతా తిరుగుదాం. నీ నోటికి బాగున్నది ఒక్కటంటే ఒక్కటి చూపించు. నా చేతిలో లేనిదేంటో అప్పుడు నేనే చూసుకుంటాను" అన్నాను. నాన్న రానన్నాడు. ఒకటికి పదిసార్లు రానన్నాడు. చొక్కా పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను.

సోన్ నది ఒడ్డున ఒక కొట్టు తెరిచి ఉంది. చుట్టుపక్కల మిగతావన్నీ మూసేశారు కదా, జనమంతా అక్కడే ఉన్నారు. అరగంట నిలబడి, గులాబీరంగు పాకం పట్టిన బాదంపప్పులు పిండి చిప్పలో పోసి కాల్చిన టార్టు ఒక ముక్క, క్రీము నింపిన పొడుగాటి కాఫీ ఎక్లేర్ ఒకటి కొన్నాను. బయట బల్ల దగ్గర కూర్చున్నాం. నాన్న టార్టును తినకముందే తిరగేసి అడుగు చూశాడు, వేలితో తట్టాడు.

"అడుగు సరిగ్గా కాలలేదు" అన్నాడు. ఎక్లేర్‌ని వెలుతురుకేసి పెట్టాడు. "పైపూత ఒకచోట మందం, ఒకచోట పలచన. చెయ్యి నిలకడలేనివాడెవడో పూశాడు."

"చూసింది చాలు, తిని చెప్పు నాన్నా!"

తిన్నాడు. "ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ."

నేనూ ఒక ముక్క తిన్నాను. పప్పులు కరకరలాడుతున్నాయి, పాకం కరిగేకొద్దీ మీగడ కమ్మదనం పైకొస్తోంది. లోపలికి వెళ్ళి చేసినవాడి చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది. దీనికా 'ఊఁ'! పక్క బల్ల తుడుస్తున్న యజమానురాలు మా మాటలు వింటూనే ఉంది.

"పెద్దాయనా, తినడానికొచ్చారా, తనిఖీకొచ్చారా?" అంది.

"తనిఖీకే. మా అమ్మాయి జీతం భత్యం లేకుండా తిప్పుతోంది" అన్నాడు నాన్న.

"అయితే రిపోర్టు రాసిచ్చి వెళ్ళండి, గోడకి తగిలిస్తాను. పొగడ్తలెక్కువై మా ఆయనకి కళ్ళు నెత్తికెక్కాయి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పరాయివాళ్ళతో జోకులకి నోరొస్తుంది, నాతో ఒక్క మంచి మాటకి రాదు.

తర్వాతి చోట పొరలు పొరలుగా ఉండే మిల్‌ఫాయ్ తీసుకున్నాం. నాన్న దాని పై పొరను ఫోర్కుతో విరిచి, చెవి ఒగ్గి విన్నాడు. "చప్పుడు రావడం లేదు. తేమ పట్టేసింది" అన్నాడు. ఇంకోచోట బ్రియోష్ రొట్టెను వేలితో నొక్కి చూసి, గుంట నెమ్మదిగా పైకొస్తోందని పెదవి విరిచాడు. నేను తిన్నాను. రెండూ బాగున్నాయి. నావి అంతకంటే బాగుంటాయా, అంత బాగోవా? రేపు పొద్దున మళ్ళీ ఆ మాటే పడాలా? వంతెన మీదికొచ్చేసరికి నాకు దుఃఖం, కోపం కలిసి పొంగుకొచ్చాయి.

"నీ జన్మలో నీకేదైనా నచ్చిందా నాన్నా?"

"మీ అమ్మ."

"ఆ సంగతి అమ్మకి ఎప్పుడైనా చెప్పావా?"

"ఆవిడకి తెలుసు."

"తెలీదు! ఎవరికీ ఏమీ తెలీదు! నువ్వు నోరు తెరిచి చెప్తే కదా తెలిసేది!"

వంతెన మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు. నాన్న అటూ ఇటూ చూశాడు. "అరవకే. పద, రైలుకి టైమవుతుంది" అన్నాడు.

"ఇంకొక్క చోటుంది. అక్కడా ఊఁ అన్నావంటే ఇక నిన్నేమీ అడగను."

ఆ చోటు క్రువా-రూస్ గుట్ట మీద ఉంది. మోకాళ్ళు సహకరించవన్న మనిషి ఆ గుట్ట మెట్లన్నీ నాకంటే ముందే ఎక్కేశాడు. నేను రొప్పుతూ వెళ్ళేసరికి ఆ చివర కిటికీ పక్కన బల్ల చూసుకుని కూర్చున్నాడు. అద్దాల బీరువాలో ఒక్క టార్టు మిగిలింది. పసుపుపచ్చ క్రీము, దాని మీద అంచులు కాలిన తెల్లటి గుడ్డు నురగ.

"ఇది మామిడిపండుదండీ. చూసి అందరూ నిమ్మకాయదనుకుంటారు" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

పళ్ళెం అందుకోగానే ఘుమఘుమలాడే వాసన ముక్కుకి తగిలింది. తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాను. పెద్ద ముక్కే తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు.

"నిమ్మకాయంటే భయపడ్డారు. పులుపు చంపేసి, పంచదార గుమ్మరించి తప్పించుకున్నారు" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. ముఖంలో నవ్వు లేదు. రోజూ పొద్దున నేను చూసే ముఖమే.

"ఏ నిమ్మకాయలు నాన్నా?"

"కాయలా పాడా! సీసా రసం."

"ఇంకో ముక్క తిని చూడు."

తిన్నాడు. "సీసా రసమే. యాభై ఏళ్ళు పిండినవాణ్ణి, నాకు చెప్తావేంటే?"

"అది మామిడిపండు నాన్నా."

ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది. వాసన బల్లంతా పరుచుకుని ఉంది, చంటిపిల్లాడు కూడా కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. నాన్న పళ్ళెంలోకి చూశాడు, వంగి ముక్కు దగ్గరకి తెచ్చుకున్నాడు, మళ్ళీ కింద పెట్టేశాడు.

"ఎప్పటినుంచి నీకు వాసన తెలియడం లేదు?"

నాన్న ఫోర్కు పక్కన పెట్టాడు. "ఆరేళ్ళయింది" అన్నాడు చివరికి. "ఆ చలికాలం జ్వరమొచ్చి వారం పడుకున్నాను చూడు, అప్పుడు. తీపి తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. అంతే. వెన్నయినా కొవ్వొత్తయినా ఒకటే. ఏడాది చూశాను. తిరిగి రాలేదు."

"మరి మోకాళ్ళు?"

"మోకాళ్ళకేం, దుక్కల్లా ఉన్నాయి."

"ఐదేళ్ళు నాన్నా!" అన్నాను. గొంతు పెద్దదైంది, తగ్గించాలని కూడా అనిపించలేదు. "ఎన్ని ట్రేలు పారేశానో తెలుసా? ఎంత ఏడ్చానో తెలుసా? ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"ముక్కు చచ్చిన పేస్ట్రీవాణ్ణని ఎవరికి చెప్పుకోనే? మీ అమ్మకే తెలీదు. నువ్వు చేసింది పట్టుకుని ఎదురుగా నిలబడేదానివి. బాగుందంటే అబద్ధం, బాగోలేదన్నా అబద్ధం. తక్కువైందన్న మాటొక్కటే నిజం."

ఈ ఐదేళ్ళలో నేను చేసినదాని రుచి ఈయనకి ఒక్కసారి కూడా తెలియలేదు. ఇక తెలియదు కూడా. నేను ఎంత బాగా చేసినా సరే. వెన్న మార్చినా సరే.

నాన్న పళ్ళేన్ని నా వైపు జరిపాడు. "నువ్వు తిని చెప్పు. మామిడిపండు ఎలా కుదిరింది? పరీక్ష కాదే, నిజంగానే అడుగుతున్నాను."

జీవితంలో మొదటిసారి నన్నడిగాడు. ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాన్న ముందుకి వంగి ఎదురుచూస్తున్నాడు. బాగుందో లేదో నాకు తెలియలేదు. ముక్కను నోట్లో అలాగే ఉంచుకుని, రోజూ పొద్దున చూసినట్టే ఆయన ముఖంలోకే చూస్తున్నాను, ఏమంటాడోనని.