అడవిలో పలకని పేరు

ఆగస్టు రెండో మంగళవారం పొద్దున, మలించె కొండ మీద ఓయమెల్ అనే సూదాకుల చెట్ల కింద అరసెలి ఒక పుట్టగొడుగును కోసింది. ఊళ్లో అందరూ తినే పుట్టగొడుగే. ఆమె పరిశోధన చేసే విశ్వవిద్యాలయంలో మాత్రం దాన్ని ఎవరూ ఎరగరు.

కోసిన చోట నీలం పాకింది. నానబెట్టిన మొక్కజొన్న వాసన వేసింది. పొగమంచులో పిన్ని ఎఫిగేనియా కనిపించలేదు, ఆమె బుట్ట మాత్రం నడుస్తోంది.

"దీని పేరేంటి పిన్నీ?"

"తాత టోపీ."

"నిజంగానా?"

"చదువుకున్నదానివి, నువ్వే చెప్పు మరి. ముందు ఆ గొంతు తగ్గించు."

సాయంత్రం పిన్ని వాటిని ఎపసోతే ఆకు, పచ్చిమిరపకాయలు వేసి వేయించింది. తలుపు మూసి, అరసెలి చెవిలో ఒక మాట చెప్పింది. అరసెలి అమ్మమ్మ పిన్నికి ఆ పొయ్యి దగ్గరే చెప్పిన అసలు పేరు అది.

"మరి పొద్దున చెప్పింది?"

"అడవిలో అసలు పేరు పలికితే అది విని దాక్కుంటుంది. మళ్లీ లేవదు. మీ అమ్మ నీకు ఇది కూడా నేర్పలేదుటే?"

"కొత్త జాతి అని నేను రాసేదాంట్లో ఊరివాళ్లు పిలిచే పేరు ఉండాలి పిన్నీ. అబద్ధం రాయలేను."

"రాసుకో. ఎవడో దాన్ని పట్టుకుని కొండెక్కి, పైకి చదివాడనుకో. అప్పుడు నేనేం వండుకోను? నీ కాగితాలా?"

కిటికీలోంచి మంచు లోపలికి వచ్చింది. అదీ వింటుందన్నట్టు పిన్ని మాట ఆపేసింది. మంచు పొయ్యి దాకా వచ్చి, కాసేపు ఉండి, వెళ్లిపోయింది. ఆ తర్వాతే ఆమె రొట్టె తుంచింది.

విశ్వవిద్యాలయంలో ఆ పుట్టగొడుగు సిద్ధబీజాలను సూక్ష్మదర్శినిలో చూశారు. తెలిసిన ఏ జాతితోనూ అవి కలవలేదు. మార్చిలో అరసెలి రాసిన కొత్త జాతి వర్ణన అచ్చయింది. తినదగినది అన్న మాట తర్వాత ఒక వాక్యం ఉంది: "ఊరివాళ్లు అడవిలో దీన్ని తాత టోపీ అంటారు." 'అడవిలో' అన్న మాటను అరసెలి చివర్లో చేర్చింది.

ఆగస్టులో ఇద్దరూ మళ్లీ కొండెక్కారు. పిన్ని మంచులోకి వెళ్లింది. పోయినేడు కోసిన చెట్టు దగ్గర అరసెలి మోకాళ్ల మీద కూర్చుని ఆకులు తొలగించింది.

"ఏం దొరికిందే?" మంచులోంచి పిన్ని అడిగింది.

"తాత టోపీ," అంది అరసెలి.