గురువారం కుగెల్

మా ఆయన తేజేశ్వర్ పోయింది 2011 సెప్టెంబరులో, ఒక శుక్రవారం పొద్దున. మాన్‌హాటన్ వెళ్ళే రైలు కోసం జెర్సీ సిటీ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయారట. ఆ సమయానికి నేను ఆరో తరగతి పిల్లలకు భిన్నాల భాగహారం చెబుతున్నాను. స్కూల్ ఆఫీసులో పనిచేసే ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. బోర్డు మీద సగం చేసిన లెక్కను అలాగే వదిలేసి ఆవిడ వెనక నడిచాను.

మాకు పిల్లలు లేరు. దహనమయ్యాక ఇంట్లో నేనూ, టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి వచ్చిన మా ఆడపడుచు రాగిణీ మిగిలాం. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని తెలిసినవాళ్ళు తలా ఒక పూట అన్నం తెచ్చేవారు. అలా వచ్చినవాళ్ళలో జెల్డా ఒకతె. మా అంతస్తులోనే, వరండా చివరి అపార్ట్‌మెంటు ఆవిడది. డెబ్భై దాటిన యూదు ముసలమ్మ. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకులు వేరే ఊళ్ళలో ఉంటారు, పండగలకు వస్తారు. కీళ్ళవాతంతో మణికట్లు రెండూ ఉబ్బి ఉంటాయి.

ఒక పళ్ళెంలో ఉడికించిన కోడిగుడ్లు పట్టుకొచ్చింది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు గుండ్రటివి పెట్టడం వాళ్ళ ఆచారమట. పళ్ళెం బల్ల మీద పెట్టి, మా ఆయన కూర్చునే కుర్చీలోనే కూర్చుని, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. ఆవిడ ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. నాకంటే ముందు ఈవిడ ఏడుస్తోందేమిటి అనిపించింది.

"తేజ్ చేసిన కుగెల్ నా ఫ్రీజర్‌లో ఉంది, ఊమా" అంది చివరికి. నా పేరు ఉమామహేశ్వరి. ఆవిడకు అంతవరకే పలుకుతుంది. "మొన్న గురువారమే చేశాడు. మా కొత్త సంవత్సరం పండగకని ముందుగా."

కుగెల్ అంటే నాకు తెలుసు. బంగాళాదుంపలు తురిమి, ఉల్లిపాయ, గుడ్లు, నూనె కలిపి, ట్రేలో పోసి అవన్‌లో పెడతారు. పైన మన దిబ్బరొట్టెలా ఎర్రగా పెచ్చు కడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. అది చేసేది జెల్డా అనుకున్నాను.

"ఎవరు చేశారూ?" అంది రాగిణి.

"తేజ్."

"మా అన్నయ్యా?" రాగిణి నవ్వేసింది. నవ్వాక చావింట్లో ఉన్న సంగతి గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆంటీ, మీరు ఇంకెవరినో చూసి పొరబడుతున్నారు. మా అన్నయ్యకి ఉల్లిపాయ ఏదో వెల్లుల్లి ఏదో తెలీదు. మా అమ్మ వాణ్ణి మంచినీళ్ళు కూడా ముంచుకోనివ్వలేదు."

"రెండేళ్ళ నుంచి ప్రతి గురువారం తనే తురిమాడు" అంది జెల్డా. "నా చేతులు చూశావుగా."

ఆవిడ వెళ్ళిపోయాక రాగిణి నా పక్కకు వచ్చింది.

"వదినా, నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

నాకు తెలిసింది వేరు. గురువారాలు ఆయన ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునేవారు. మధ్యాహ్నం ఒక గంట జెల్డాకు సాయం చేసి వస్తానని చెప్పేవారు. సాయమంటే బల్బు మార్చడమో, సరుకుల సంచీ మోయడమో అనుకున్నాను. నేను స్కూలు నుంచి వచ్చేసరికి అల్యూమినియం రేకులో చుట్టిన ఒక కుగెల్ ముక్క బల్ల మీద ఉండేది. దాన్ని ఆవకాయతో తినేదాన్ని. ఒకసారి "ఈవిడ చెయ్యి మరీ చప్పగా ఉందండీ" అన్నాను. "చెప్తాలే" అన్నారాయన. తరువాతి గురువారం ఉప్పు సరిపోయింది. చెబితే దిద్దుకునే మనిషి అని జెల్డాను మెచ్చుకున్నాను కూడా. ఆయన టీవీ పెట్టుకున్నారు.

పద్దెనిమిదేళ్ళు నేను వండి పెట్టాను. ఒక్కసారి కూడా చాకు పట్టుకోని మనిషి వరండా చివరి ఇంటికి వెళ్ళి సంచీడు దుంపలు చెక్కు తీశారు. నాకు చెప్పకపోవడానికి కారణం ఏదో ఉండి ఉంటుంది. ఆ కారణం జెల్డాకు తెలిసి ఉంటుందన్నదే నాకు మింగుడుపడలేదు.

"ఆ ట్రే మనం తెచ్చుకోవాలి వదినా" అంది రాగిణి మర్నాడు కాఫీ తాగుతూ. "నాకు ఒక ముక్క కావాలి. తోడబుట్టినదాన్ని. నాకు జన్మలో ఒక అట్టు వేసి పెట్టలేదు. ఆ ముసలావిడకి మాత్రం గుడ్లు గిలక్కొట్టి పెట్టాడా?"

"పెద్దకర్మ అయ్యేదాకా నేను గడప దాటకూడదన్నది నువ్వే కదా."

"అన్నాను. ఈలోపల ఆవిడ తినేస్తే?"

"పండగదాకా తీయదు."

"అంత నమ్మకమా?"

నమ్మకం కాదు. రోజూ ఆ వరండాలో తలుపు చప్పుడైతే నేనూ చెవి ఒగ్గి వింటున్నాను.

పెద్దకర్మ నాడు ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాం. గుత్తివంకాయ, గారెలు, పెరుగుపచ్చడి, సేమ్యా పాయసం. "ఇంకేమైనా మరిచిపోయామా చూడు వదినా" అంది రాగిణి. ఏమీ లేదన్నాను. విస్తట్లో ఒక మూల ఖాళీగా కనిపించింది. అక్కడ అప్పడం పెట్టాను.

రాగిణి ఫ్రిస్కో వెళ్ళిపోయాక జెల్డా తలుపు తట్టాను. నేరుగా వంటింట్లోకే తీసుకెళ్ళింది. తలుపు వెనక కొక్కేనికి నీలం గళ్ళ ఏప్రాన్ వేలాడుతోంది. మగవాళ్ళ కొలత.

"అది ఎవరిది?"

"తేజ్‌ది. నేనే కొన్నాను. చొక్కా నిండా దుంపల తురుము పూసుకునేవాడు."

గురువారాలు ఆయన చొక్కాకి ఉండే ఉల్లిపాయ వాసన నాకు తెలుసు. వరండాలో ఎవరో వండుతున్న వాసన పట్టిందనుకునేదాన్ని.

కూర్చోమంది. కూర్చోలేదు.

"ఆ ట్రే నాకు కావాలి" అన్నాను.

జెల్డా తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. చేతులు తడిగా లేవు. "అది పండగకి, ఊమా."

"అది మా ఆయన చేతులతో చేసింది. ఆఖరిది."

"అవన్ వెలిగించింది నేను."

అర్థం కానట్టు చూశాను. ఆవిడ చెప్పింది. బయటివాళ్ళు వండినది వాళ్ళ పద్ధతిలో చెల్లాలంటే నిప్పు మాత్రం వాళ్ళలో ఒకరి చేత్తో వెలగాలట. అందుకని ఆయన తురిమి, నీరు పిండి, అన్నీ కలిపి, ట్రేలో పోసి, అప్పుడు ముందు గదిలో ఉన్న ఆవిడను పిలిచేవారట. ఆవిడ వచ్చి మీట తిప్పేది.

"ఏమని పిలిచేవాడో తెలుసా? 'జెల్డా గారూ, అగ్నిహోత్రం!'" ఆ మాటను ఆవిడ ఎక్కడా తడబడకుండా పలికింది. నా పేరు మూడింట రెండొంతులు మింగేసే మనిషి. "అంటే ఏమిటో నాకు చెప్పాడు. ప్రతిసారీ తనే పిలిచి, తనే నవ్వేవాడు."

ఇంట్లో ఆయన హాస్యాలాడే మనిషి కాదు. నేను కిటికీ వైపు తిరిగాను.

"అయితే అది ఇద్దరిదీ" అంది జెల్డా.

"మీ అబ్బాయిలకు పెడతారు. ఎవరు చేశారో కూడా వాళ్ళు అడగరు."

"నేను చెబుతాను."

"మీరు చెప్పొద్దు" అన్నాను. తరగతిలో కూడా నేను గొంతు పెంచను. అప్పుడు పెరిగింది.

ఆవిడకూ కోపం వచ్చింది. "నీకు పద్దెనిమిదేళ్ళు దక్కాడు. నాకు గురువారాలేగా? అవి కూడా నీకే కావాలా?"

"నాకు దక్కనివి అవే" అన్నాను.

ఫ్రిజ్ శబ్దం వినిపిస్తోంది. దాని పైతలుపు వెనకే ఉంది ట్రే. చెయ్యి చాపితే అందుతుంది.

"నీ వంటింట్లోకి వెళ్ళి విప్పిన గిన్నె మళ్ళీ నా బల్ల మీదికి రాదు" అంది జెల్డా మెల్లగా. "నీ మీద చిన్నచూపు కాదు. మా కట్టుబాటు. ఇక్కడే కోసి పంచితే సగం ట్రే మా అబ్బాయిలకు చాలదు. అందుకే సగం సగం అనడానికి లేదు." తరువాత తన మణికట్టు వైపు చూసుకుంది. "గురువారం రా. పండగకి నాకొకటి చేసిపెట్టు. అప్పుడు అది నువ్వు తీసుకో."

గురువారం స్కూలు నుంచి నేరుగా వెళ్ళాను. ఏప్రాన్ ఇవ్వబోయింది. వద్దని చీర కొంగు దోపుకున్నాను. ఆ రోజు స్కూల్లో మా ఆయన సంస్మరణ సభ పెట్టారని చీర కట్టుకున్నాను.

మన వంటలో అన్నీ ముందు తరిగి, వరసగా పెట్టుకుని, ఆ తరువాత పొయ్యి దగ్గరికి వెళతాం. అలాగే చేశాను. దుంపలన్నీ చెక్కు తీసి, అన్నీ తురిమి, పక్కన పెట్టి, ఉల్లిపాయలు అందుకున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి తురుము గోధుమరంగుకు తిరిగి, అంచుల్లో నల్లబడుతోంది.

"అయ్యో" అంది జెల్డా. "నాలుగు దుంపలకి ఒక ఉల్లిపాయ, మళ్ళీ దుంపలు. కలిపి తురమాలి. ఉల్లిపాయ రసం తగులుతుంటే రంగు మారదు."

"ముందే చెప్పాల్సింది."

"టీచర్‌వి కదా, అడుగుతావనుకున్నా." నవ్వాపుకుంది. "తేజ్ కూడా మొదటిసారి ఇదే పని చేశాడు. మొత్తం నల్లబడింది. పారేయనివ్వలేదు. 'మా ఆవిడ చూస్తే ఊరుకోదు, తిండి పారేయకూడదు' అన్నాడు. ఇద్దరం కూర్చుని ఆ నల్లదాన్నే తిన్నాం."

ఈ వంటింట్లో ఆయన నా ఊసెత్తేవారని అప్పుడే తెలిసింది. సంతోషించాలో వద్దో తెలియలేదు. నన్ను తలుచుకున్నారు, సరే. తలుచుకుంటూ నల్లటి కుగెల్ తిన్నది మాత్రం ఈవిడతో.

కొత్తగా దుంపలు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగు దుంపలకి ఒక ఉల్లిపాయ. తురుమును గుడ్డలో కట్టి నీరు పిండాను. ఆ నీటి అడుగున పేరుకున్న తెల్లటి పిండిని పారబోయకుండా మళ్ళీ కలపమంది జెల్డా. గుడ్లు కొట్టి, ఉప్పు, మిరియాలు వేశాను. నూనె బాగా కాచి, చుయ్యిమనేలా పోశాను. ఉప్పు ఎంతని అడగలేదు. ట్రేలో సర్దాక చేతులు కడుక్కున్నాను.

"జెల్డా గారూ" అని పిలిచాను.

ఆవిడ ముందు గదిలోంచి వచ్చి అవన్ ముందు నిలబడింది. వెంటనే మీట తిప్పలేదు. నా వైపు చూస్తోంది. ఏ మాట కోసం చూస్తోందో నాకు తెలుసు. ఆ మాట మా భాషది. ఆవిడ కంటే బాగా నేను పలకగలను. పలకలేదు. కొంతసేపటికి ఆవిడ మీట తిప్పింది.

కాలుతున్నంతసేపూ టీ తాగుతూ కూర్చున్నాం. పైన ఎర్రగా పెచ్చు కట్టాక బయటికి తీసి, చల్లారనిచ్చి, రేకు చుట్టింది. దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి, లోపలున్న పాత ట్రే తీసింది. తీసి కాసేపు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆ చేతులకు బరువు మోయడం కష్టం. అయినా నేను అందుకునేదాకా బల్ల మీద పెట్టలేదు.

"ఒక్క నిమిషం" అని, ఇచ్చిన దాన్నే మళ్ళీ నా దగ్గర తీసుకుని, రేకు మీద ఇంకో రేకు చుట్టసాగింది. మూలలు వేలితో నొక్కి నొక్కి మూసింది.

"ఒకటి ఉందిగా. రెండోది ఎందుకు?"

"రెండు పొరలు ఉంటే బయటివాళ్ళ అవన్‌లో వేడి చేసినా మేం తినొచ్చు. విప్పకుండా వేడి చేస్తే చాలు." రేకు వైపే చూస్తూ చెప్పింది. "నేను తింటానని కాదు. ఉన్న పద్ధతి చెప్పా." తరువాత ఇంకో మాట కూడా అంది. "కాగితం ప్లేట్లు నా దగ్గర చాలా ఉన్నాయి."

సరేనన్నాను. ట్రే పట్టుకుని వరండా వెంట నడిచి మా ఇంటికి వచ్చాను.

ఆ ఆదివారం రాగిణి ఫోన్ చేసింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎలా ఉంది?"

"ఇంకా తీయలేదు."

"మ్యూజియంలో పెడతావా ఏమిటి వదినా? తిను. నా ముక్క పార్సిల్ చెయ్యి."

"టెక్సాస్ చేరేసరికి పాయసమవుతుంది."

"తాగుతాలే. మా అన్నయ్య చేసింది కదా."

మా అవన్‌ను మేం ఏనాడూ వెలిగించలేదు. అందులో మూకుళ్ళు, పెనాలు పెట్టుకుంటాం. ఒక శనివారం అవన్నీ తీసి బల్ల మీద పేర్చాను. ట్రే బయటికి తీసి చూశాను. పైరేకు మీద ఆవిడ వేళ్ళు నొక్కిన గుంటలు అలాగే ఉన్నాయి. లోపలిరేకు చుట్టింది ఆయనో, ఆవిడో తెలియదు. ఒక్కదాన్నే తినాలంటే రెండూ విప్పేసి, ఒక మూల కోసుకుని వేడి చేసుకోవచ్చు. విప్పకుండా పెట్టాలంటే మొత్తం ఒకేసారి వేడి చేయాలి, ఇద్దరుండాలి. ఆవిడ వచ్చి కూర్చుంటే ఆయన గురించి ఏదో ఒకటి చెబుతుంది. అది నాకు తెలియనిది అయి ఉంటుంది. ట్రే మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టి, మూకుళ్ళు అవన్‌లో సర్దేశాను.

వాళ్ళ పండగ అయిపోయింది. మన దీపావళి కూడా అయిపోయింది. లిఫ్ట్‌లో కలిసినప్పుడు జెల్డా చలి గురించి, స్కూలు గురించి అడుగుతుంది. ట్రే గురించి అడగదు. నేనూ చెప్పను.

అది మా ఫ్రీజర్‌లోనే ఉంది. జెల్డాను నేను ఇంకా పిలవలేదు.