బోర్లా పెట్టిన నానీలు

“…ఆఖరిది అని రాసి ఉన్నంత మాత్రాన ఆఖరిది కాదమ్మా అక్షితా, దాని వెనకాల ఇంకో ఆఖరిది ఉంటుంది. నిదానంగా రాసుకో, ఆ కథ నేను చెబుతా.”

బందరులో ఫర్జానా అని ఒక అమ్మాయి ఉంది. ఇంటి వసారాలోనే చిన్న కొట్టు పెట్టుకుని, లాప్‌టాప్‌లో పెళ్ళి కార్డులు, బోర్డులు, ఫ్లెక్సీలు తయారు చేస్తుంది. తయారైనవన్నీ ఆన్‌లైన్‌లో దాస్తుంది. గుడివాడ ప్రెస్సులో రేవతి గారు అక్కడినుంచే తీసుకుని అచ్చువేసి బస్సులో పంపుతారు. పద్ధతి బాగానే ఉంది. చిక్కంతా పేర్లతోనే.

మన వైపు ఇంటికో నాని ఉంటాడు కదా. కరెంటు నాని, చేపల చెరువు నాని, మొవ్వ నాని. అందరూ ఫర్జానా దగ్గరికే వచ్చేవారు. ఆమె కూడా అందరి పనీ ‘నాని’ అనే పేరుతోనే దాచేది. దిద్దితే ‘నాని కొత్తది’, మళ్ళీ దిద్దితే ‘నాని ఫైనల్’, ఆ తరవాత ‘నాని ఫైనల్ రెండు’.

ఒకరోజు గిలకలదిండి నాని వచ్చాడు. కొత్త బోటు శుక్రవారం నీళ్ళలోకి దిగుతోంది, దానికి పెద్ద ఫ్లెక్సీ కావాలన్నాడు. బోటు పేరూ నంబరూ తప్పు పోకుండా తన చేత్తోనే కాగితం మీద రాసిచ్చి, నల్లకళ్ళద్దాలతో దిగిన తన ఫొటో కూడా పంపాడు. ఇది శుభ్రంగా వస్తే హార్బరులో తనవాళ్ళందరి బోట్ల పనీ ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చాడు. ఏడాదిగా పుట్టినరోజు ఫ్లెక్సీలతోనే నెట్టుకొస్తున్న పిల్ల. ఈ ఒక్కటి కుదిరితే కొట్టు నిలబడుతుందని ఆశపడింది.

గురువారం పొద్దున్నే గుడివాడ నుంచి ఫ్లెక్సీ చుట్ట వచ్చింది. వసారాలో పరిచి చూసింది. నీలం సముద్రం బాగుంది, ‘గంగమ్మ తల్లి’ అని పేరు బాగుంది. నల్లకళ్ళద్దాల నాని ఉండాల్సిన చోట మాత్రం, బుగ్గన కిళ్ళీతో వాళ్ళ అమ్మమ్మ నాగూర్ బీ నవ్వుతోంది.

వాళ్ళిళ్ళల్లో అమ్మమ్మను నానీ అంటారు కదా. పింఛను కాగితాల కోసం తీసిన ఆవిడ ఫొటోను కూడా ఫర్జానా ‘నాని ఫొటో’ అనే దాచింది. ఫ్లెక్సీలో ఫొటో చోటు ఖాళీగా వదిలి, నాని ఫొటో అక్కడే ఉంది పెట్టెయ్యమని ఫోనులో చెప్పింది. రేవతి గారు పెట్టేశారు.

“పెద్దావిడే బోటు ఓనరేమో అనుకున్నానండీ,” అన్నారావిడ ఫోనులో. తరవాత, అరగంటలో సరైనది పంపితే మళ్ళీ వేసి మధ్యాహ్నం బస్సుకి ఇస్తానన్నారు.

నాగూర్ బీ ఫ్లెక్సీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, “కాలవ దాటడానికే నాకు భయం. సముద్రం మీదికి పంపుతున్నావా నన్ను?” అంది.

ఫర్జానాకు నవ్వు రాలేదు. లాప్‌టాప్ తెరిస్తే బోటు నాని ఫైళ్ళే పదకొండు ఉన్నాయి. ఒకదాంట్లో గంగమ్మ కాస్తా గంగమ అయింది, ఇంకోదాంట్లో నంబరు తప్పు, అచ్చుకెళ్ళింది ఏదో గుర్తులేదు. అన్నిటికీ ఫైనల్ అనే తోక. ఏది తెరిచిందో, ఏది తెరవలేదో మరిచిపోయి మొదటికొచ్చేది.

నాగూర్ బీ పక్కన కూర్చుంది. ఆవిడకు చదువు రాదు. కానీ బట్టల మీద పూలు అద్దే కలంకారీ షెడ్డులో ముప్పై ఏళ్ళు చెక్క అచ్చులు సర్దిన మనిషి.

“ఇన్నిటినీ ముఖం పైకి పెట్టుకుంటే చెయ్యి దేనిమీద పడుతుంది బేటీ? మా షెడ్డులో ఒక పువ్వుకి ఒక్క అచ్చే ముఖం పైకి ఉండేది. కొత్తది చెక్కించగానే పాతదాన్ని బోర్లా పెట్టేవాళ్ళం. పారెయ్యం. బోర్లా పెడతాం, అంతే. ఏ ఊరి బేరగాడిది ఆ ఊరి అలమరలోనే.”

ఫర్జానా ‘బోర్లా’ అని ఒక ఫోల్డరు చేసింది. కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే తెరిచి చూడడం, సరిపోనిదాన్ని అందులో వెయ్యడం. పది బోర్లా పడ్డాయి, ఒకటి మిగిలింది. నల్లకళ్ళద్దాల ఫొటో తనే అతికించి, ‘గిలకలదిండి నాని, బోటు’ అని పేరు పెట్టి పంపింది. అమ్మమ్మ ఫొటోకి ‘మా నానీ’ అని పేరు మార్చింది.

సాయంత్రానికల్లా కొత్త చుట్ట బస్సు దిగింది. తీసుకెళ్ళడానికి వచ్చిన నాని, బోటు పేరూ నంబరూ వేలితో తడుముకుని చూసి తలూపాడు. అప్పుడు కనిపించింది ఆయనకు, అరుగు మీద ఎండుచేపల కింద పరిచిన పాత ఫ్లెక్సీ.

“ఇదేంటమ్మాయ్, నా బోటుకి ఈవిడ ఓనరా?”

“నేనూ నానీనే బాబూ,” అంది నాగూర్ బీ.

ఆ మాట ఆయన హార్బరంతా చెప్పుకుని నవ్వాడు. దాంతోపాటు కొట్టు సంగతీ చెప్పాడు. వారం తిరక్కుండా ముగ్గురు బోటువాళ్ళు వచ్చారు. మొదటాయన పేరు చెప్పబోతుంటే ఫర్జానా ఆపి, ముందు ఏ ఊరో చెప్పమంది.

“రాశావా? అయితే దీన్ని మీ గాయత్రి పిన్నికి చదివి వినిపించమ్మా. జాకెట్ల డిజైన్లన్నీ ఒకే పేరుతో పెట్టుకుని మొన్న ఎవరిదో ఎవరికో కుట్టింది. వినేటప్పుడు మాత్రం ఫోను బోర్లా పెట్టమను.”