పేరంటాలమ్మ పటం పెద్దదైంది

అండమాన్‌లోని డాలీగంజ్‌లో నూకన్న ఇంటి గోడ మీద పాత ఫోటో ఒకటుంది. అందులో ఒకావిడ కుర్చీలో ఓరగా కూర్చుని, రెండు వేళ్ళతో గులాబీ పట్టుకుని ఉంటుంది. వెనక తెర మీద రాజమహలు. ఆవిడ నూకన్న ముత్తవ్వనీ, పసుపుకుంకాలతో పోయి పేరంటాలైందనీ ఇంటిల్లిపాదికీ నమ్మకం. చేపలమ్ముకున్న మనిషి వెనక రాజమహలెందుకుందని ఒక్కరికీ అనుమానం రాలేదు. దండ వేశాక ఇంకెవరడుగుతారు!

ఏటా పేరంటాలుకి పట్టుచీర పెడతారు. పూజయ్యాక ఆ చీర కోడలు కట్టుకోవాలి, అది ఆచారం. కానీ నూకన్న తల్లి, పేరు తాతమ్మ, దాన్ని తన పెట్టెలోనే దాచేది.

"ముందు ఆయమ్మ నాగ కుచ్చిళ్ళు పెట్టడం నేర్సుకోయే! నువ్వు కడితే సీర గాదు, తెరసాప," అని పటం చూపించి కోడలు సీతాలుని దెప్పేది.

సీతాలు ఈసారి ఎలాగైనా ఆ చీర కట్టుకుని తీరాలనుకుంది. అత్తని మంచి చేసుకోవాలని, చెమ్మకి మసకబారిన ఫోటోని స్టూడియో ఉమేష్‌కి ఇచ్చి శుభ్రం చేయించి, తలుపంత పెద్దది చేయించింది.

"దీదీ, ఏక్‌దమ్ అసలీ! ఒక్క గీతా మార్చలేదు," అన్నాడు ఉమేష్ గర్వంగా.

నిజమే, మార్చలేదు. పూజ రోజు ముసుగు తీయగానే ఇంట్లో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. పేరంటాలమ్మ గొంతు మీద కోడిగుడ్డంత ముడి. ముంజేతుల నిండా వెంట్రుకలు. పైపెదవి మీద నిన్ననే గొరిగిన మీసం జాడ.

మాయాబందర్ నుంచి మొదటిసారి పూజకొచ్చిన నూకన్న చిన్నాన్న యుగంధర్ పడీ పడీ నవ్వాడు. "వదినా! ఈడు మా తాత! కుర్రతనంలో నాటకాల్లో ఆడేసం కట్టీవోడని మా నాన్న సెప్పీవోడు!"

ఇన్నేళ్ళూ గాజులు, పసుపు, కుంకం అందుకున్నది తాతగారన్నమాట! సీతాలుకి పండగే అయింది. "అత్తా, మగోడి నాగ కట్టడం నాకు రాదు గానీ, సీర ఇచ్చీ."

తాతమ్మ తడబడితేగా! "మగోడై పుట్టి అంత సక్కగా కట్టినాడు. ఆడదానివి, నీకేటొచ్చింది రోగం?"

అందరూ గొల్లుమన్నారు. సీతాలు ఉక్రోషం పట్టలేకపోయింది. "అయితే ఆ సొగసు మీ మగోళ్ళదే! మీ కొడుక్కే కడతానుండు!" అంటూ పేరంటాలు ముందున్న చీర లాక్కుని మొగుడికి చుట్టబెట్టింది.

"అరే, ఛోడో! వొదలవే! ఏటే ఇది!" అంటూ నూకన్న రెండడుగులు వేశాడు. మూడో అడుగుకి కుచ్చిళ్ళు కాలికి చుట్టుకుని ప్రసాదం పులిహోర గిన్నెలో కూలబడ్డాడు.

తాతమ్మ పటాన్ని చూసింది, కొడుకుని చూసింది. వంశం మీద ఆశ వదిలేసుకుంది. చీర ఊడదీసి, మెతుకులు దులిపి, కోడలి చేతిలో పడేసింది.

"ఇంద, కట్టుకో. ఈడి మీద నువ్వే నయం."

కాపురానికొచ్చాక అత్త నోట సీతాలు విన్న మొదటి మెప్పు అది. ఏనుగెక్కినంత సంబరంతో, పసుపు మరకలతోనే ఆ చీర కట్టుకుంది.