ఏలీయా అప్పగింత

ఆదివారం చర్చి నుంచి వచ్చి కోటు విప్పుతుంటే ఫోన్ చిన్నగా మోగింది. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే నిఖిల ట్రేడ్ ప్రపోజల్ పంపింది. నా జట్టులోని ఎలైజాను తనకిచ్చి, తన డొమినిక్‌ను నేను తీసుకోవాలట.

ఇద్దరూ పేరున్న బాస్కెట్‌బాల్ ఆటగాళ్లే. మేం వాళ్లను టీవీలో తప్ప చూసింది లేదు. మా ఫాంటసీ లీగ్‌లో తలా ఒక జట్టు కట్టుకుంటాం. అసలు మ్యాచుల్లో మనం ఎంచుకున్నవాళ్లు బాగా ఆడితే మన జట్టుకు పాయింట్లు వస్తాయి. మేముండే హామిల్టన్‌కు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలను పోగేసి ఈ లీగ్ మొదలుపెట్టింది నా భార్య సలోమి. నిరుడు ఆమె పోయాక ఆమె జట్టు నా ఫోన్లోకి వచ్చింది. దాని పేరు ‘ఐదో అంతస్తు’. ఆసుపత్రిలో ఆమె నర్సుగా పనిచేసిన ఎముకల వార్డు అది.

ఎలైజాను సలోమి మన బైబిల్లో ఉన్నట్టు ఏలీయా అనేది. మ్యాచ్ అయిపోగానే ముందు తల్లి దగ్గరికి వెళ్లి తల వంచి నిలబడతాడని అతణ్ని ఎంచుకుంది. ఇప్పుడు అతనికి మోకాలు దెబ్బతింది. ఈ సీజన్‌లో ఇక ఆడడు. నా జట్టు అట్టడుగున ఉంది. ఆఖరున మిగిలిన జట్టు లీగ్ వదిలి కొత్తవాళ్లకు చోటివ్వాలి. ప్రతి సెప్టెంబరుకూ ఇంతమంది పిల్లలు దిగుతున్నారు కదా అని ఆ నియమం పెట్టింది కూడా సలోమే.

కాసేపటికి నిఖిల మెట్లెక్కి వచ్చింది. కాఫీ షాపు యూనిఫాం ఇంకా మార్చుకోలేదు.

“చూసిండ్రా అంకుల్?”

“చూశానమ్మా. కాలు బాగాలేనివాడితో నీకేం పని?”

“వచ్చే ఇయర్‌కి పనికొస్తడు.”

“నా మీద జాలిపడుతున్నావు.”

“జాలి అయితే ఒక కాఫీ తెచ్చిస్త అంకుల్. డొమినిక్‌ని ఎందుకిస్త? వాడు పోతే లీగ్‌ల నా వెనకున్న రేవంత్ నా నెత్తిమీద కూర్చుంటడు. మీ జట్టు పోవద్దు, అంతే.”

“వద్దులే. నయమయ్యేదాకా సలోమి ఏ పేషెంట్‌నూ వదిలేది కాదు.”

ఆ పిల్ల గోడకు ఆనుకుంది. “ఆంటీ రోజూ ఇంటికొచ్చేవారు కదా. మరి రాత్రిపూట వాళ్లను ఎవరు చూసిండ్రు?”

ఆసుపత్రి బయట కారులో కాచుకున్న సాయంత్రాలు గుర్తొచ్చాయి. షిఫ్ట్ అయిపోయినా సలోమి వెంటనే వచ్చేది కాదు. ఎవరికి రెండు దిండ్లు కావాలో, ఎవరు నొప్పి దాచుకుని బాగుందంటారో రాత్రి నర్సుకు చెప్పి వచ్చేది. నేను విసుక్కుంటే, “అప్పగించి రావాలి కదండీ,” అనేది.

నిఖిలను కూర్చోమన్నాను.

“అయితే విను. వాడు నొప్పి దాచుకుంటాడు. డాక్టర్లు సరేనన్నా వెంటనే ఆడించకు. ఫ్రీ త్రో ముందు షూ లేసు తడుముకుంటాడు. తడుముకోలేదంటే మనసు బాగాలేదన్నమాట. వాళ్లమ్మ రాని రోజు ఎక్కువ ఆశ పెట్టుకోకు.”

“అప్పగింతల్లో పెళ్లికూతురి తండ్రి లెక్క ఉన్నరు అంకుల్.”

“ఏడవట్లేదుగా.”

“నేనేమన్న?” అంటూనే టిష్యూ డబ్బా నా వైపు జరిపింది.

ట్రేడ్‌కు ఒప్పుకుంటూ ఫోన్లో బటన్ నొక్కాను. అభ్యంతరం చెప్పే హక్కు మిగతావాళ్లకూ ఉంది. ముందుగా రేవంత్ మెసేజ్ వచ్చింది: “సత్యానందం అంకుల్, ఇంత అన్యాయమైన ట్రేడ్ ఎక్కడా చూడలేదు. నాకు ఓకే.”

నిఖిల లేవబోయింది.

“ఆగమ్మా,” అన్నాను. “మరి డొమినిక్ సంగతి? నువ్వు నాకు అప్పగించొద్దూ?”

మళ్లీ కూర్చుని బూట్లు విప్పింది.

“వానికి పొగరు అంకుల్. గెలుస్తుంటే అసలు మనసుపెట్టి ఆడడు. ఓడిపోయే టీమ్‌లో పెట్టి చూడండి, అప్పుడు లేస్తడు.”