మేం కట్టిన గోడ

బడి తెరిచిన రోజు ఉదయం పదో తరగతి మెషిన్ సెక్షన్ పిల్లలు వర్క్‌షాపు ముందు నిలబడి గోడను చూస్తున్నారు. సెలవులకు ముందు అక్కడ తలుపు ఉండేది. గోడ అవతల వాళ్ళ లేత్ మిషన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తిప్పుతున్నది ఎవరో వాళ్ళకు తెలియదు.

ఆ గోడ కట్టింది ఆ పిల్లల తల్లిదండ్రులే.

ఈ శివారు బడికి ఒక అలవాటు ఉంది. సెలవుల్లో చివరి ఆదివారం తల్లిదండ్రులు పనిముట్లతో వస్తారు. వడ్రంగులు బెంచీలు బిగిస్తారు, ఎలక్ట్రీషియన్లు వైర్లు చూస్తారు, మిల్లువాళ్ళు సున్నం కొడతారు. బడి పుట్టిందే అలా. మిల్లు బూడిద పోసే గుంటను కార్మికులు డ్యూటీ దిగాక పూడ్చి, దాని మీద గదులు లేపారు. పిల్లలకు చదువుతో పాటు లేత్, వెల్డింగ్ నేర్పాలని కొట్లాడి వర్క్‌షాపు పెట్టించుకున్నారు. పెద్దవాళ్ళకు సాయంత్రం అక్షరాలు నేర్పే తరగతి కూడా నడిచింది. కరెంటు దండగని బడి కమిటీ అధ్యక్షుడు దాన్ని ఎత్తేశాడు.

అధ్యక్షుడు కాంట్రాక్టరు. రోడ్లు వేస్తాడు. వేసిన రోడ్లే మళ్ళీ వేస్తాడు.

ఈసారి ఆదివారం హెడ్మాస్టర్ మేస్త్రమ్మను పక్కకు పిలిచాడు. తాపీ పట్టి గోడలు కట్టే మనిషి కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె కూతురు మెషిన్ సెక్షన్లోనే ఉంది. “వర్క్‌షాపు తలుపు మూసేసి గోడ లేపాలమ్మా. పిల్లల భద్రత కోసం. ఇంకోవైపు కొత్త తలుపు పెడుతున్నాం” అన్నాడు. పిల్లల భద్రత అంటే ఎవరు కాదంటారు? ఆమె మంచి ఇటుకలు ఏరి మరీ కట్టింది.

కొత్త తలుపు పెట్టిన మాట నిజమే. అది వీధి వైపు ఉంది. దాని పైన ఒక కంపెనీ బోర్డు ఉంది. అది అధ్యక్షుడి బావమరిది కంపెనీ.

పది గంటలకు సభ జరిగింది. అధ్యక్షుడు బడి చరిత్ర చెప్పాడు. ఈ స్థలం తన తాత దయతో ఇచ్చాడన్నాడు. తాత మిల్లు మేనేజరు. ఆయన ఇచ్చింది బూడిద. తర్వాత కొత్త పథకం చెప్పాడు. మెషిన్ సెక్షన్ ఉండదు. లేత్ మీద మోజున్న పిల్లలు సాయంత్రం కంపెనీలో పని చేసి నేర్చుకోవచ్చు. జీతం అడగకూడదు, అది శిక్షణ.

మేస్త్రమ్మ కూతురు లేచింది. “సార్, మరి మా ప్రాక్టికల్ పరీక్ష? అది లేకపోతే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే ఫ్యాక్టరీలో మమ్మల్ని మిషన్ ముట్టుకోనివ్వరు.”

“ఆడపిల్లవి, నీకెందుకమ్మా లేత్? చక్కగా కుట్లు అల్లికలు నేర్చుకో.”

హెడ్మాస్టర్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. చుట్టూ చూసి మధ్యలో ఆపేశాడు.

సాయంత్రం తల్లిదండ్రులు బడి ఆవరణలో పోగయ్యారు.

“కట్టేటప్పుడు కళ్ళెక్కడ పెట్టుకున్నావే?” అని లోడింగ్ కూలీ భార్య మేస్త్రమ్మను నిలదీసింది.

“దాని మీద సున్నం కొట్టింది నీ మొగుడే వదినా. ఇంటికెళ్ళి ఆయన కళ్ళు కూడా వెతుకు.”

కొందరు నవ్వారు. వాళ్ళలో ఒక గుమస్తా గొంతు సవరించుకున్నాడు. “ఆవేశపడొద్దు. పై అధికారికి అర్జీ పెడదాం.”

“ఆయన పొద్దున్నే వచ్చాడుగా! ఆ బోర్డుకి రిబ్బను కత్తిరించింది ఎవరనుకున్నావ్?” అంది లోడింగ్ కూలీ భార్య.

“అయితే ఆ పైవాడికి పెడదాం.”

“నువ్వు పెట్టుకుంటూ పోరా తమ్ముడూ. నీ అర్జీ పైకెళ్ళి కిందికొచ్చేసరికి మన పిల్లలు వాళ్ళ పిల్లల్ని బళ్ళో వేస్తారు.”

వర్క్‌షాపు మాస్టారు చివర్న నిలబడ్డాడు. మీరేమంటారని అడిగితే, ఉద్యోగస్తుణ్ణి, నన్ను ఇరికించొద్దు అన్నాడు. ఎవరూ రెండోసారి అడగలేదు.

మేస్త్రమ్మ లేచి నిలబడింది. “మోసపోయి కట్టాను. ఒక్కదాన్నే తీసేస్తే దొంగదాన్నంటారు. అందరం తీస్తే ఏమంటారో చూద్దాం. రేపు పొద్దున పనిముట్లు తెచ్చుకోండి.”

మర్నాడు పిల్లలు వరసగా నిలబడ్డారు. మేస్త్రమ్మ పైవరస నుంచి ఇటుకలు ఊడదీసింది. చేతులు మారుతూ అవి ప్రహరీ పక్కకు చేరాయి. నడుమెత్తు దాకా దిగాక అవతల లేత్ మీద ఉన్న కుర్రాళ్ళు కనిపించారు. వాళ్ళదీ ఈ పేటే, దినకూలీకి వచ్చారు. ఒకడు మిషన్ ఆపేశాడు. “ఇటు నుంచి కూడా తీయమంటావా అక్కా?” అన్నాడు.

పోలీసులు వచ్చేసరికి గోడ లేదు. అధ్యక్షుడు, హెడ్మాస్టర్ వరండాలో కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు.

“ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేస్తారా?” అని ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

“ధ్వంసం ఎక్కడ సారూ? ఒక్క ఇటుక కూడా పగల్లేదు. తలుపు పగలగొట్టి వీధి వైపు పెట్టినవాళ్ళు అదిగో, ఆ కుర్చీల్లో ఉన్నారు” అంది మేస్త్రమ్మ.

ఆమెను వ్యాన్ ఎక్కించారు. కూతురు వెనకాలే పరుగెత్తింది.

“నువ్వెక్కడికే? మిషన్ దగ్గరికి పో!”

పిల్ల ఆగింది. వెనక్కి తిరిగి, గోడ లేని చోటునుంచి లోపలికి వెళ్ళింది. మిగతా సెక్షన్ ఆమె వెనక వెళ్ళింది. పెద్దవాళ్ళు వ్యాన్ వెనక నడిచి స్టేషన్ ముందు బైఠాయించారు. అర్జీ పెడదామన్న గుమస్తా కూడా వచ్చాడు. నీడ చూసుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం అవతలి శివారు నుంచి ఒక తాపీమేస్త్రి స్టేషన్‌కి వచ్చాడు. ఈ బడి గొడవ విని పని మధ్యలో వదిలేసి వచ్చానన్నాడు. అక్కడా కమిటీకి అధ్యక్షుడు ఒక కాంట్రాక్టరే.

“మా బళ్ళో కూడా వర్క్‌షాపుకి అడ్డంగా గోడ లేపమన్నారు అక్కా” అన్నాడు మేస్త్రమ్మతో, లాకప్ ఊచల దగ్గర నిలబడి.

“పిల్లల భద్రత అన్నారా?”

“అదే అన్నారు.”

“ఎంత దాకా లేచింది?”

“మోకాలెత్తు.”

“ఇంకా ఇక్కడ నిలబడ్డావేం?”

అతను బయటికి వచ్చి విషయం చెప్పాడు. కూర్చున్నవాళ్ళలో సగం మంది లేచి బట్టలు దులుపుకుని అతని వెంట నడిచారు. మిగతా సగం మేస్త్రమ్మ కోసం అక్కడే ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ ఫోనెత్తి ఇంకో రెండు వ్యాన్లు పంపమని అడిగాడు. ఏ బడికి పంపాలని అవతలి వైపు నుంచి అడుగుతున్నారు.